ఆవిరి కనిపించని పాక

మార్చి నెల మొదటి మంగళవారం పొద్దున మా వెస్ట్ ఆల్డెన్ టౌన్ హాల్లో, వెర్నా లబౌంటీ ఇంటి ముందున్న మేపుల్ చెట్ల వరసను కొట్టెయ్యాలని ఊరు తీర్మానించింది. కప్పులో కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆ తర్వాత అందరూ లేచి, కుర్చీలు పక్కకు లాగి, భోజనాల బల్లల ముందు వరసకట్టారు. పంది మాంసం ముక్కల మీద, ఉడికిన చిక్కుడు గింజల మీద, పిల్లలైతే ఐస్‌క్రీమ్ మీద, వెర్నా పంపిన మేపుల్ పాకం పోసుకుని తిన్నారు. సభ రోజు భోజనానికి ఏటా పాకం పంపేది ఆమే. ఈ ఏడూ పంపింది.

ఆమె మాత్రం హాల్లో లేదు.

మార్చి మొదటి మంగళవారం ఊరి సభ పెట్టడం అమెరికాలో మా వెర్మాంట్ రాష్ట్రపు ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. పొలాల్లో పని లేని రోజు చూసి పెట్టారంటారు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులూ, మేపుల్ చెట్లలో రసం కదిలే రోజులూ సరిగ్గా అవే. ఆ రోజు రసం పారిందంటే పాకం కాచేవాళ్ళు పాక వదిలి కదలలేరు. రసం నిలవ ఉంచితే పాలలాగే పాడవుతుంది. పొయ్యి మీద వదిలేసి పోతే అడుగంటి, కాచే వెడల్పాటి పళ్ళెమే కాలిపోతుంది. ఇది ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసినా సభ రోజు మార్చాలని ఎవరికీ తోచలేదు.

సభలో ఏం జరిగిందో నేను తర్వాత విన్నాను. ఆ రోజు నాకూ డ్యూటీ ఉంది. రోడ్ల పని చూసే వెండెల్ ప్రౌటీ లేచి చెప్పాడట.

"క్రీమరీ కొండ రోడ్డు మలుపు దగ్గర మంచు తోసే బండి రెక్క ఆ చెట్లకు తగుల్తోంది. పోయిన శీతాకాలం రెక్క వంగి బండి మూలపడింది. రోడ్డు వెడల్పు చెయ్యాలంటే ఆ వరస తియ్యాల్సిందే. చెట్లు రోడ్డు హద్దులోవే, ఎవరి సొంతమూ కాదు."

"వెర్నా వాటి రసమే కదా పడుతుంది?" అని వెనక వరసలోంచి ఒకరు.

"పట్టేది. మానేసింది. ఈమధ్య ఆ పాక మీద ఆవిరి ఎప్పుడన్నా చూశావా నువ్వు?"

"నిజమే. చెట్లకు బకెట్లు కూడా కనపడ్డం లేదు."

"మరి ఇవాళ్టి సీసాల్లో పాకం?"

"అటక మీద పాత సరుకయ్యుంటుంది. పారెయ్యడానికి మనసొప్పక మనకి పోస్తోంది."

నవ్వారట. ఒప్పుకునేవాళ్ళు అవుననండి అంటే హాలంతా అవునంది. కాదనేవాళ్ళు ఎవరంటే ఒక్క గొంతూ లేవలేదు. లేవగలిగిన ఒక్క మనిషి డోరీన్, వెర్నాతో కలిసి బడి వంటింట్లో పనిచేసే ఆమె, ఆ సమయంలో హాలు వెనక వంటగదిలో ఓవెన్ల మోతలో పంది మాంసం కోస్తోంది. బయటికొచ్చి సంగతి విని, చెయ్యి తుడుచుకోకుండానే ఫోన్ చేసింది.

"ఒసేయ్ వెర్నా, నీ చెట్లు కొట్టేస్తారటే!"

"ఏ చెట్లు?"

"ఇంకే చెట్లే? రోడ్డు మీదవి. ఓటు కూడా అయిపోయింది."

అవతల పళ్ళెం మరిగే చప్పుడు వినపడిందట.

"సరే" అంది వెర్నా.

"సరే ఏంటే, సరే? ఇంకా అందరూ ఇక్కడే ఉన్నారు, ఆపిల్ పై ముక్కలు తింటున్నారు. వచ్చి మొహాన నాలుగు మాటలు అడుగు."

"రాలేనే. బడికి సెలవని పొద్దున్నే మొదలెట్టాను, పొయ్యి మీదుంది." మళ్ళీ తనే, "పాకం అందరికీ సరిపోయిందా?" అని అడిగింది.

డోరీన్ ఈ మాట నాకు చెప్పినప్పుడు కోపంతో చెప్పింది. కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

వెర్నాకు అరవై దగ్గరపడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళకు "ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు, నేనూ నిలబెట్టి అడగలేదు" అని చెప్పేది. ఊరి పిల్లలకు ఇరవై ఏళ్ళ పైగా మధ్యాహ్నం అన్నం పెట్టిన చెయ్యి ఆమెది. క్రీమరీ కొండ మీద ఆ చిన్న ఇల్లు కొన్నది కూడా ఇంటిని చూసి కాదు, చెట్లను చూసి. అడవిలో ఒకదానిమీద ఒకటి ఎగబడి సన్నగా పెరిగిన మేపుళ్ళు కావవి. రోడ్డంచున ఎండంతా తమదే అన్నట్టు కొమ్మలు బారజాపి పెరిగాయి. వాటి రసం తీపెక్కువ. వాటి నీడలో నిలబడే ఆమె ఇల్లు అమ్మేవాడితో బేరమాడింది.

మొదటి వసంతంలో ఆమె చేసిన పని తలుచుకుని డోరీన్ ఇప్పటికీ నవ్వుతుంది. ఊరగాయలు పెట్టే పెద్ద గిన్నెలో రసం పోసి వంటింటి పొయ్యి మీదే పెట్టింది. రసంలో తీపి ఎంత? నలభై గిన్నెలు మరిగితే ఒక గిన్నె పాకం. మిగిలిందంతా ఆవిరే. సాయంత్రానికి వంటింటి గోడకు అంటించిన పువ్వుల కాగితం ఊడి నేలమీద పడింది.

"పాకం ఎంతొచ్చింది?" అని అడిగింది డోరీన్.

"అర సీసా."

"గోడకి తలంటు పోసిందానివి, అర సీసా ఎక్కువే."

రెండో ఏడు పొయ్యి పెరట్లోకి వెళ్ళింది. సిమెంటు దిమ్మెలు పేర్చి, బడి వంటింట్లో పాతబడి పారేసిన ఇత్తడి రంగు పళ్ళేలు మీద పెట్టి కాచింది. పాకంలో బూడిద పడింది. మూడో ఏడు కింది మలుపులో ఆవుల దొడ్డి ఉన్న ఆర్మాండ్ గయెట్ చూడలేకపోయాడు. "ఇది పాకం కాదే పిల్లా, బొగ్గుల కషాయం" అని తిట్టి, తన పాత కొట్టం పలకలు ట్రాక్టర్ మీద వేసుకొచ్చి, ఆమెకు పాక వేసిపెట్టాడు. నడికప్పు మీద తెరిచి మూసే రెక్కలు పెట్టాడు, ఆవిరి పోవడానికి.

ఆ రెక్కల్లోంచి ఆవిరి లేచిన రోజున ఊళ్ళో వెర్నాకు ఒక చోటు దొరికింది. మా వైపు పాక మీద ఆవిరి లేచిందంటే లోపల కాస్తున్నారని అర్థం, లోపలికి రమ్మని కూడా అర్థం. ఎవరూ ఎవరినీ పిలవరు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆవిరి చూసి బండి పక్కకు ఆపుతారు. బూట్ల బురద విదిలించుకుని వచ్చి పళ్ళెం చుట్టూ నిలబడతారు. ఒకరు డోనట్లు తెస్తారు, ఇంకొకరు పుల్లటి దోసకాయ ఊరగాయ తెస్తారు. బయటి మంచు గిన్నెలో కుక్కి దానిమీద వేడి పాకం పోస్తే తీగలా సాగుతుంది. అది నమిలి, నోరు వెగటయితే ఊరగాయ కొరికి, మళ్ళీ నమలడం. బడిలో "మిస్ వెర్నా" అని దూరంగా పిలిచేవాళ్ళు అక్కడ ఆమె గరిటె పట్టిన చేతి పక్కన నిలబడి కబుర్లు చెప్పేవాళ్ళు. గరిటె ఎత్తి వంచితే పాకం చుక్కలుగా కాక తెరలా జారిన క్షణాన అందరూ ఒక్కసారిగా "వచ్చేసింది!" అని అరిచేవాళ్ళు.

ఆ రోజుల్లో ఒక్కరి వల్ల అయ్యే పని కాదది. ఆర్మాండ్ ట్రాక్టర్ మీద పీపా పెట్టుకుని బకెట్లలో రసం పోగుచేసేవాడు. డోరీన్ పళ్ళెం దగ్గర నిలబడి, మరిగి తగ్గినప్పుడల్లా పచ్చి రసం ముంచి పోసేది. వెర్నా కట్టెలు వేస్తూ, నురుగు పొంగినప్పుడు ఒక చుక్క మీగడ వేసి అణచేది.

వెర్నాకు ఒక జబ్బుంది. ఏదన్నా పని చేస్తుంటే, ఇది ఇంకొంచెం బాగా చెయ్యొచ్చు కదా అనిపించకుండా ఉండదు. పడుకుంటే కళ్ళముందు గొట్టాలూ కవాటాలూ తిరుగుతాయి. అమ్మేందుకు కాదు. ఆమె కాచిన పాకం బడి పిల్లలకూ చుట్టాలకూ ఊరి భోజనానికీ పోను పెద్దగా మిగిలేది కాదు. నీకేం లాభమని ఎవరన్నా అంటే ఆమెకు ప్రశ్నే అర్థమయ్యేది కాదు. చెయ్యి కింద ఉన్నదాన్ని నిన్నటికంటే ఇవాళ బాగా నడిపించడమే ఆమెకు కావలసింది.

ముందు పొగ గొట్టం చుట్టూ రాగి గొట్టం చుట్టింది, చల్లటి రసం పళ్ళెంలో పడేలోపే వేడెక్కడానికి. తర్వాత పొయ్యిలోకి గాలి ఊదే పంకా పెట్టింది. ఆర్మాండ్ గుమ్మంలో నిలబడి చూసి, "పాకం కాస్తున్నావా, రైలింజను కడుతున్నావా? టికెట్టు ఎక్కడ కొనాలో చెప్పు" అన్నాడు.

ఆ తర్వాతి ఏడు తేలే బిరడా పెట్టింది. పళ్ళెంలో మట్టం తగ్గగానే అది కిందికి దిగి రసాన్ని తనే వదులుతుంది, నిండగానే మూసుకుంటుంది. డోరీన్ వచ్చి చేతికి తొడుగు వేసుకుని, గరిటె కోసం చూసింది.

"గరిటె ఏదే?"

"అక్కర్లేదు. చూడు, అదే పోసుకుంటోంది!"

"మరి నేనేం చెయ్యను?"

"హాయిగా కూర్చో. ఇన్నేళ్ళు నిలబడి నిలబడి కాళ్ళు వాచాయన్నావుగా."

డోరీన్ కూర్చుంది. కాసేపు బిరడాను చూసింది. పని లేకుండా పాకలో కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. ఇంట్లో బట్టలు ఉతికేది ఉందని వెళ్ళిపోయింది. ఆ వసంతం ఒకటి రెండుసార్లు వచ్చింది. తర్వాతి వసంతం రాలేదు.

బకెట్ల వంతు ఆ తర్వాత. చెట్లకు రోడ్డు వైపు కాకుండా ఇంటివైపు, ఎండ తగిలే వైపు చిల్లులు పెట్టి, సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు తగిలించి, పల్లంలోకి దింపి, పాక వెనక తొట్టిలోకి కలిపింది. మంచు గట్ల వెనక అవి రోడ్డు మీదికి కనపడవు. రసం తనంతట తనే నడిచి వస్తుంది. ఫిబ్రవరి చివర ఆర్మాండ్ ఫోన్ చేశాడు.

"ట్రాక్టర్ చక్రాలకి మంచు గొలుసులు వేశాను. పీపా ఎప్పుడు తేను?"

"ఇక మీకా శ్రమ లేదు పెద్దాయనా! గొట్టాలు వేశాను. ఆ నడుముతో మంచులో తిరగొద్దు."

"ఓహో" అన్నాడట ఆర్మాండ్. "మంచిదే."

వెర్నా మేలు చేశాననుకుంది. ఆర్మాండ్ ట్రాక్టర్‌ను కొట్టంలోకి తోసి తలుపేశాడు.

ఇక చివరివి రెండు. ఎవరో వదిలించుకుంటుంటే ఆమె తెచ్చుకున్న యంత్రం ఒకటి. అది పచ్చి రసంలోంచి నీళ్ళు ముందే పిండి పారేస్తుంది. రోజంతా కాగేది ఇప్పుడు రెండు గంటల్లో అయిపోతుంది. రెండోది పళ్ళెం మీద ఆమె తనే వంచి అతికిన రేకు మూత. ఆవిరి దానికింద చల్లబడి నీరై, పక్క గొట్టంలోంచి బకెట్లోకి దిగుతుంది. ఆ వేడినీళ్ళతో పాత్రలు కడుక్కుంటుంది. వృథా అన్నదే లేదు. బడి నుంచి వచ్చి, వెలుగు పూర్తిగా పోకముందే పొయ్యి ఆర్పేస్తుంది. నడికప్పు రెక్కలు తెరవాల్సిన పనే లేదు. చల్లగాలి రాకుండా వాటికి మేకులు కొట్టేసింది.

ఆమె పనితనానికి అది శిఖరం. ఆ వసంతం పాక గుమ్మం ఎవరూ తొక్కలేదు.

మొదట్లో ఆమెకు తేడా తెలియలేదు. గంటలు మిగిలాయి కదా, ఆ గంటల్లో ఇంకేం సరిచెయ్యాలా అని చూసింది. వడపోత గుడ్డకు చట్రం చేసింది. సీసాలు నింపే కొళాయి మార్చింది. తర్వాత ఊరికే ఉండలేక రేడియో పెట్టింది. గరిటె వంచి, పాకం తెరలా జారినప్పుడు అలవాటుగా తలెత్తి చూస్తే ఎదుట కట్టెల గుట్ట ఉండేది. డోనట్లు ఒక డజను తనే కొని తెచ్చి పెట్టిన సంగతి డోరీన్‌కు చెప్పింది ఒకసారి. "నాలుగోరోజుకి రాళ్ళయ్యాయే. పక్షులక్కూడా విరగలేదు" అని నవ్విందట. ఎందుకు తెచ్చావని డోరీన్ అడగలేదు.

ఊళ్ళోవాళ్ళను తప్పుపట్టడం తేలిక. వాళ్ళు చూసింది వాళ్ళు చూశారు. కొండ మీద ఆవిరి లేదు, చెట్లకు బకెట్లు లేవు. మా వైపు ఎవరైనా చదివే తీరే అది. పాకం మానేసినవాళ్ళ ఇంటికి వెళ్ళి ఎందుకు మానేశావని అడగడం ఇక్కడ మర్యాద కాదు. వయసు మీదపడిందనో, ఓపిక తగ్గిందనో గుట్టుగా మానుకుంటారు, ఆ గుట్టును గౌరవిస్తారు. అలా వెర్నాను రెండు వసంతాల పాటు ఊరంతా గౌరవించింది. ఆ గౌరవం కింద ఆమె ఒక్కతే కూర్చుని పాకం కాచింది.

సభకు ముందు ఊరి దుకాణం గోడమీద అంటించిన ప్రకటనను ఆమె చదవకపోలేదు. "క్రీమరీ కొండ రోడ్డును మెరుగుపరచుటకు" అని ఉంది. చెట్ల మాట అందులో లేదు. మురుక్కాలువ బాగుచేస్తారు కాబోలనుకుని సంతోషించింది కూడా. మెరుగు అన్న మాటలో కీడుంటుందని ఆమెకు ఎలా తడుతుంది?

సభ అయిన వారంలో వెండెల్ ప్రౌటీ నారింజ రంగు డబ్బా పట్టుకుని చెట్లకు గుర్తులు పెట్టడానికి వచ్చాడు. చెట్టు వెనక్కి తిరిగితే గొట్టం కాలికి తట్టింది. దానివెంట నడిచి పాకదాకా వచ్చి తలుపు తోశాడు. లోపల పొయ్యి మండుతోంది.

"నువ్వింకా కాస్తున్నావా?"

"కాయక?"

"మరి ఆవిరేదీ?"

ఇక్కడ వెర్నా స్థానంలో ఇంకొకరుంటే ఏం చేసేవాళ్ళో ఊహించుకోండి. ఆమె ఏం చేసిందంటే, రేకు మూత చూపించింది. ఆవిరి ఎలా చల్లబడుతుందో, నీరు ఏ గొట్టంలోంచి పోతుందో, అతుకుల దగ్గర కారకుండా ఏం పూసిందో అంతా చెప్పింది. ఇన్నాళ్ళకు ఒక మనిషి వచ్చి అడిగాడు. వెండెల్ కూడా ఇనుము తెలిసినవాడే. వంగి చూసి, తట్టి చూసి, "బ్రహ్మాండం వెర్నా. ఇలాంటిది కొట్లో కూడా దొరకదు" అన్నాడు. తర్వాత చేతిలో రంగు డబ్బా ఉన్నట్టు గుర్తొచ్చి నేల చూశాడు.

"నువ్వు మానేశావనుకున్నాం. అందరం."

"ఊఁ."

"తెలిస్తే ఇంకోలా ఉండేదేమో. ఇప్పుడు ఓటయిపోయింది. ఓటంటే ఓటే కదా. నీ పాకం కాపు అయ్యేదాకా చెయ్యి వెయ్యంలే. మట్టి ఆరాక మొదలుపెడతాం."

"థాంక్స్ వెండెల్" అని, వెళ్ళేటప్పుడు అతని చేతిలో ఒక సీసా పెట్టింది.

అతను దుర్మార్గుడు కాడు. ఆ సీసా బండిలో పక్క సీటు మీద పెట్టుకుని, దిగి, మిగిలిన చెట్లకు గుర్తులు పెట్టాడు. మంచి మనుషులు మంచిగానే చేసే అన్యాయాలు ఇలాగే ఉంటాయి. అందుకే వాటికి ఎదురు తిరగడం కష్టం.

ఆ ఆదివారం పొద్దున వెర్నా నిచ్చెన వేసుకుని నడికప్పు ఎక్కింది. రెక్కలకు కొట్టిన మేకులు పీకింది. కిందికి దిగి, రేకు మూత నట్లు విప్పి, ఒక్కతే దాన్ని ఎత్తలేక ఈడ్చి, బయట మంచులో బోర్లించింది. నీళ్ళు పిండే యంత్రం ఆపేసింది. పచ్చి రసం పచ్చిగానే పళ్ళెంలోకి వదిలింది. ఇన్నేళ్ళలో ఆమె తన పనిని తనే చెడగొట్టుకోవడం అదే మొదలు. కట్టె మీద కట్టె వేసింది. మధ్యాహ్నానికి తెల్లటి ఆవిరి కొండంతా కనపడేట్టు లేచింది.

రోడ్డు మీద కార్లు మెల్లగా పోయాయి. ఒకతను హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. ఒక బండి ఆగినట్టే ఆగి, చెట్ల మీద నారింజ గుర్తులు చూసి కాబోలు, కదిలిపోయింది. చెట్లు కొట్టెయ్యడానికి అవునన్నవాళ్ళకు ఆ పాకలోకి ఏ మొహంతో రావాలో తెలియలేదు.

పొద్దు వాలుతుండగా చేతికర్ర చప్పుడయింది. ఆర్మాండ్.

"ఏమే పిల్లా, నిప్పంటుకుందేమోనని వచ్చాను."

"నిప్పంటుకుంటే కర్రతో ఆర్పుదామనా?"

"ఉమ్మి ఆర్పుదామని." కూర్చున్నాడు. ఆయనకు ఎనభై దాటాయి. పళ్ళెం చూసి, చుట్టూ చూసి, "ఆ మూత ఏది? దాని గురించి వెండెల్ ఊరంతా చెబుతున్నాడు" అన్నాడు.

"తీసేశాను."

"ఎందుకు?"

ఆమె పళ్ళెం వైపు తిరిగింది. నురుగు పొంగితే మీగడ చుక్క వేసింది.

"దుకాణంలో సంతకాలు పెట్టిస్తే ఓటు మళ్ళీ పెట్టించొచ్చు. నెల దాటకూడదు, అంతే. తెలుసా?"

"తెలుసు."

"మరి?"

వెర్నా గోడకు గుచ్చిన కాగితం చూపించింది. ఇంటి వెనక చిత్తడిలో ఎర్ర మేపుళ్ళున్నాయి. వాటిలో తీపి తక్కువ. అక్కణ్ణించి గొట్టాలు ఎలా లాగాలో, పంపు ఎక్కడ పెట్టాలో అప్పుడే బొమ్మ గీసేసింది. "వీటితో సర్దుకోవచ్చు. పంపు మారిస్తే ఇంకా బాగా..."

"నేనడిగింది పంపు గురించి కాదు."

"ఏమని అడగను పెద్దాయనా? చెట్లు నావి కావు, రోడ్డువి. రెండేళ్ళుగా ఎవర్నీ రమ్మనలేదు, ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఇప్పుడు నా అవసరానికి తలుపు తట్టనా?"

"మేం రాలేదని నువ్వు పిలవలేదు. నువ్వు పిలవలేదని మేం రాలేదు. బాగుంది. ఇద్దరం మర్యాదస్తులమే." ఆర్మాండ్ కర్రతో నేల పొడిచాడు. "ఆ ట్రాక్టర్ గొలుసులు ఆ ఏడు మే నెల దాకా విప్పలేదే నేను. మనసు మార్చుకుని పిలుస్తావేమోనని."

వెర్నా కట్టెలు వేస్తున్నదల్లా ఆగింది. "చెప్పొచ్చు కదా" అంది.

"నువ్వూ చెప్పొచ్చు కదా."

ఇద్దరూ ఆవిరి చూస్తూ కూర్చున్నారు. ఇంకెవరూ రాలేదు. చీకటి పడకముందే ఆయన వెళ్ళాలి, కళ్ళు సరిగా కనపడవు. గుమ్మం దగ్గర ఆగి, "సంతకాల కాగితం నేను పెట్టిస్తాను. నువ్వు అడగొద్దు, నేనడుగుతాను. కాదనడానికి వీల్లేదు" అన్నాడు. ఆమె తలుపు తీసి పట్టుకుంది. ఆయన వెళ్ళాక తలుపు వేసుకుని పళ్ళెం దగ్గరికి వచ్చింది. పచ్చి రసంతో కాస్తే పని తెమలదు. ఆ సాయంత్రం చాలాసేపు ఒక్కతే నిలబడింది.

నాకు అర్థమైనంతవరకు, వెర్నా ఇన్నేళ్ళూ మెరుగుపరిచింది పాకాన్ని కాదు, ఎవరినీ ఏదీ అడగక్కర్లేని బతుకును. చెయ్యి సాయం అడగడం కష్టమనిపించిన ప్రతిచోటా ఒక గొట్టం వేసుకుంది, ఒక బిరడా పెట్టుకుంది. అది ఆమె ఒక్కదాని జబ్బు కాదు. పని చేసుకుని బతికే ఒంటరి మనుషుల్లో చాలామందికి ఉన్నదే. వాళ్ళు ఫిర్యాదు చెయ్యరు. సభకు రారు, రాలేరు. వాళ్ళ మౌనాన్ని మనం ఒప్పుకోలు కింద రాసుకుంటాం.

కాపు అయిపోవచ్చింది. చెట్లు మొగ్గ తొడుగుతున్నాయి, రసంలో పాకాన్ని చెడగొట్టే మొగ్గ వాసన మొదలైంది. చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆర్మాండ్ కాగితం దుకాణంలో కాఫీ కొళాయిల పక్కన ఉంది. సగం మాత్రమే నిండింది. వెర్నా సంతకం అందులో లేదు. తన కోసం తను సంతకం పెట్టుకోవడం బాగుండదందట.

వెస్ట్ ఆల్డెన్ వాళ్ళు ఇది చదువుతుంటే, వెళ్ళి సంతకం పెట్టండి. ఆ రోజు హాల్లో అవునన్నవాళ్ళు మరీ ముఖ్యంగా పెట్టండి. తెలియక అన్న మాట తెలిసి వెనక్కి తీసుకోవడంలో చిన్నతనం లేదు. మళ్ళీ జరిగే సభ సాయంత్రం పూట పెట్టమని, ప్రకటనలో చెట్లు కొడతామని తిన్నగా రాయమని అడగండి. వచ్చే ఏటి నుంచి ఊరి సభను కాపు రోజుల్లోంచి తప్పించమని కూడా అడగండి.

ఇది మీ ఊరు కాకపోతే, మీ ఊళ్ళోనూ ఒక సభ ఉంటుంది. అపార్ట్‌మెంటు మీటింగో, పంచాయతీయో, యూనియనో. ఈసారి చెయ్యెత్తే ముందు, ఈ తీర్మానం ఎవరి గుమ్మం ముందు అమలవుతుందో ఆ మనిషి గదిలో ఉన్నారా అని లేచి అడగండి. "ఆవిడ మానేసిందట", "వాళ్ళకి అభ్యంతరం లేదట" అని ఎవరన్నా అంటే, ఎవరు చూసొచ్చారని అడగండి. ఎవరూ చూసి రాకపోతే ఓటు ఆపించండి, ఒకరు వెళ్ళి తలుపు తట్టి వచ్చేదాకా.

ఆర్మాండ్ కాగితానికి గడువు ఈ శుక్రవారం. దుకాణం సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంటుంది.